పాతిక సెంట్లు

కొబ్బరి చిప్పలు సోంపేట నుంచి వస్తాయి,
లారీ మీద, బరకం కింద, వానొస్తే పులిసిన వాసనతో.
పర్లాకిమిడి దాటాక
బిశోయిగారి బట్టీ దగ్గర దిగుతాయి.
దాలమ్మ వాటిని లెక్కపెట్టదు.
చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొడుతుంది:
తడిదైతే మూగ, ఎండిందైతే టక్కు.

"మంటని మేపితే బూడిదవుద్ది గుంటడా,
పస్తు పెడితే బొగ్గవుద్ది.
గాలాడనిచోట కాలడం ఏటో నాకెరికే,
నీకు సెప్పడం రాదు"
అంటూ తలుపు సందుల్లో మట్టి మెత్తుతుంది.

ఆ తర్వాత ఆవిరి.
ఎర్రగా కాగిన బొగ్గులో దూరి,
కొరికి, తవ్వి,
గదుల్లో గదులు, గదుల మధ్య ఇరుకు సందులు చేసి పోతుంది.
పైకి బొగ్గు బొగ్గులాగే ఉంటుంది.
నాలుక మీద పెట్టుకుంటే మాత్రం
వదలదు.

నేను ఊళ్ళో ఫిల్టర్లు మార్చేవాణ్ణి.
ఎనిమిదో తరగతిలో పాఠం ఒడియాలో, తిట్లు తెలుగులో చెప్పే
మహాపాత్రో మాస్టారు
గాజు గరాటులో దూది, దూది మీద నల్లపొడి వేసి
నా పెన్ను విప్పి, నీలిసిరా కలిపిన నీళ్ళు పోశారు.
కింద ఉత్త నీళ్ళు దిగాయి.
సిరా ఎటు పోయింది?
పీల్చేసింది సార్, అన్నాను.
చెవి మెలిపెట్టారు.
"స్పాంజి పీలుస్తుంది. ఇది పట్టుకుంటుందిరా,
గోడ బల్లిని పట్టుకున్నట్టు."
బల్లి కదా గోడని పట్టుకునేది, అనబోయి
రెండో చెవి గుర్తొచ్చి ఊరుకున్నాను.
అప్పుడే అన్నారు: ఒక్క గ్రాము బొగ్గుని
మడతలన్నీ విప్పి పరిస్తే
పాతిక సెంట్ల నేల.

ఈ మాట మొన్న దాలమ్మతో అన్నాను.
అంబలి గిన్నె పక్కన పెట్టి గుప్పెట పట్టింది.
"ఇదెంత?"
నలభై గ్రాములనుకో. పదెకరాలు.
నవ్వితే దగ్గొచ్చింది,
దగ్గుతుంటే మళ్ళీ నవ్వొచ్చింది.
"మాయయ్య ఏటవతల ముప్పై సెంట్లు దున్నాడు.
తాసీల్ ఆపీసులో పుస్తకం తీసి
ఒడియాలో ఏదో సదివి, పేరు నేదన్నారు.
రాసిన సిరా ఎక్కడో ఉండాల గదా.
మీ మేస్టారి గరాటులో పడిందేమో సూడు."

నాకు తెలిసిందల్లా ఇంతే:
క్లోరిన్ ఘాటు, మురిగిన ఆకుల కంపు,
పొలాల్లో కొట్టిన మందు చేదు, రంగులు,
వీటిని పట్టుకుంటుంది.
ఉప్పు దాని ముందునుంచే
పెళ్ళివారిలా దర్జాగా నడిచిపోతుంది.
గదులు నిండిపోయిన రోజు అది చెప్పదు.
నీళ్ళు తేటగానే పడుతుంటాయి.
నాలుక్కే తెలుస్తుంది, అదీ ఆలస్యంగా.

నిండిన బొగ్గుని బట్టీకి తెచ్చిస్తాను.
మళ్ళీ కాలిస్తే, పట్టుకున్నవాటిలో చాలావాటిని వదిలేస్తుంది,
పొగగా,
పేరు చెప్పకుండా.

నిన్న తెచ్చినది తాసీల్ ఆఫీసుది.
రెండేళ్ళుగా మార్చలేదు,
చేతిలో తడి గుడ్డలా బరువు.
ఎక్కడిదని దాలమ్మ అడిగింది. చెప్పాను.
ఏమీ అనలేదు.
కొడవలితో డబ్బా కోసి, నల్లపొడి గోనె మీద ఒంపి,
అరచేత్తో పల్చగా, ఇంకా పల్చగా
నారుమడి చదును చేసినట్టు పరిచింది.
కాలి బొటనవేలితో మధ్యన ఒక గట్టు గీసింది.
"ఇటు పక్కది మాయయ్యది."

మహేంద్రతనయ మీంచి గాలి లేచింది.
నేను వెళ్ళి
అడ్డంగా నిలబడ్డాను.